నాగుళ్ళమెట్ట చెప్పుల మాత

పల్నాడు దారిలో నాగుళ్ళమెట్ట మీద ఉన్న మరియమాత గుడికి వచ్చే యాత్రికులు గడప దగ్గర తప్పకుండా తడబడతారు. అలవాటు కొద్దీ వంగి చెప్పులు విడవబోతారు. "ఉంచుకోండమ్మా, ఇక్కడ విడవకూడదు" అని కొవ్వొత్తులమ్మే లూర్దమ్మ రోజంతా కేకలు వేస్తూనే ఉంటుంది. లోపల పీఠం మీద మాత పాదాలకు కూడా తోలు చెప్పులే. గుడి బయట విడిచిన జత ఉంటుందో పోతుందోనని బెంగపడే భక్తులకు ఇంతకంటే సుఖమైన క్షేత్రం లేదు.

పూర్వం ఇక్కడ గుడి లేదు. రెల్లు కప్పిన ఒక బడి ఉండేది. దానిని పెట్టినవారు సముద్రాలు దాటి వచ్చిన క్రైస్తవ గురువు గాస్పరు స్వామివారు. మెట్ట కింద పెద్దబజారు, దానికి అవతల మాదిగపల్లె. ఊరందరికీ చెప్పులు కుట్టేది ఆ పల్లెవారే. కాని పెద్దబజారులో వారు చెప్పులు తొడిగి నడవకూడదు, చేతపట్టుకుని పోవాలి.

ఆ పల్లెలో గురవయ్య అనే పనివాడికి ఆదెమ్మ ఒక్కతే కూతురు. బిడ్డ నాలుగక్షరాలు నేర్చుకోవాలని ఆయన ఆశ. బడికి పంపేనాడు మిగిలిన తోలుముక్కలతో చిన్న జత కుట్టి ఇచ్చాడు. ఆదెమ్మ బజారు దాటేదాకా వాటిని చంకలో పెట్టుకుని, మెట్ట ఎక్కేముందు తొడుక్కుని, మురిసిపోతూ బడిలో కూర్చుంది.

స్వామివారికి తెలుగు ఇంకా పట్టుబడలేదు. ఆమె ఒళ్ళోని పలక వైపు వేలు చూపి, "చెప్పు!" అన్నారు. అక్షరం పేరు చెప్పమని ఆయన భావం. ఆదెమ్మ తన కాళ్ళు చూసుకుంది. ఇక్కడా తియ్యమంటున్నారనుకుంది. చెప్పులు విప్పి గుండెకు హత్తుకుని, ఏడుస్తూ ఇంటికి పరుగెత్తింది. మర్నాడు రాలేదు. ఆ తరువాతా రాలేదు.

సంగతి తెలిసి స్వామివారు పల్లెకు వెళ్ళి, గురవయ్య వాకిట్లో నేల మీదే కూర్చున్నారు.

"తప్పు నాది. నేను మాట అడిగాను. కాలిది అడగలేదు" అని వచ్చీరాని తెలుగులో బతిమాలారు.

గురవయ్య తల ఎత్తలేదు. "బళ్ళో ఏసుకోనిస్తారు సామీ. బజార్లో ఎవురు ఏసుకోనిస్తారు? చేత్తో పట్టుకు పొయ్యేటప్పుడల్లా బిడ్డ ఏడుస్తా ఉంది. ఆ సదువు మాకొద్దు."

చివరికి ఉపాయం గురవయ్యకే తట్టింది. "మీ అమ్మ కాళ్ళకు చెప్పులున్నయ్యా సామీ?" అని అడిగాడు. లేవన్నారు స్వామివారు; బడిలోని మాత స్వరూపం ఉత్తకాళ్ళతోనే ఉండేది. "అయితే కొలత తీసుకుంటా. పండగనాడు ఆమెను బజారున తీసుకురాండి. ఆమె ఎనకాల నా బిడ్డ నడుస్తాది."

పండుగనాడు మాత కొత్త చెప్పులతో పెద్దబజారుకు ఊరేగింది. వెనుకనే ఆదెమ్మ, తన చెప్పులతో. అరుగుల మీది పెద్దలు లేచి నిలబడ్డారు. ఒకాయన గురవయ్య మీద కేకవేశాడు: "ఆ చెప్పులు తియ్యమని చెప్పు!"

గురవయ్య చేతులు జోడించాడు. "ఎవురికి చెప్పమంటారయ్యా, అమ్మకా, బిడ్డకా? రెండు జతలూ నేను కుట్టినయ్యే" అన్నాడు.

మాతను చెప్పులు తియ్యమనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఊరేగింపు సాగిపోయింది. ఆ ఏడాదంతా ఊరిలో ఎవరూ గురవయ్యకు పని ఇవ్వలేదు. ఆయన పస్తులున్నాడు గాని, కూతురిని బడి మాన్పించలేదు.

ఆ ఆదెమ్మే తరువాత అదే బడిలో మాకు అక్షరాలు దిద్దించిన పంతులమ్మగారు. పాఠం అడిగేటప్పుడు ఆమె ఎన్నడూ వేలు చూపేవారు కాదు; పక్కన కూర్చుని, వీపు నిమిరి, "చెప్పు నాయనా" అనేవారు. ఆ చేతి స్పర్శ తలచుకుంటే ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి. ఆమెను సమాధి చేసినప్పుడు, ఆమె కోరిక ప్రకారం కాళ్ళకు చెప్పులు ఉంచాము.

తరువాత బడి ఉన్నచోటే మాతకు గుడి కట్టారు. నేటికీ ఏటా పండుగకు ఆదెమ్మగారి మనుమలే మాతకు కొత్త జత కుడతారు. బడిలో వేయబోయే పిల్లలను తల్లిదండ్రులు ఇక్కడికి తెచ్చి, చెప్పులతోనే మాత ముందు కూర్చోబెడతారు. గురువులు వంగి, "చెప్పు" అంటారు. బిడ్డ తన పేరు బిగ్గరగా చెప్పాలి. అలా చెప్పిన బిడ్డకు చదువు అబ్బుతుందని, ఏ బజారులోనూ తల వంచదని నమ్మకం. సిగ్గుపడి నోరు విప్పని పిల్లలూ ఉంటారు. వారిని ఎవరూ తొందరపెట్టరు. ఆ బిడ్డ చెప్పేదాకా గుడి తలుపులు మూయరు.