మొలతాటి వరహాలు

అనగనగా ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు, ఒక పెద్ద ఓడ. ఓడ ఎక్కే ప్రతివాడూ మొలతాటికి ఒక బంగారు వరహా కట్టుకునేవాడు. పరాయి ఒడ్డుకు శవమై కొట్టుకొస్తే అక్కడివాళ్లు ఆ వరహాతో దహనం చేయాలని. శవం దొరక్కపోతే, పోయినవాడి పేరు పిలిచి ఓడచెక్కను కాల్చేవారు. ఆ వరహాను ఇంకే ప్రాణి ధరించినా, చితి వెలిగిన క్షణాన చచ్చినవాడి వెంట పోవాల్సిందే.

ఏడు సముద్రాల అవతలి మాంత్రికుడు కాలకంఠుడు గాలివాన పుట్టించి ఆ ఓడను ముంచాడు. శవాల నడుముల నుంచి వరహాలు తెంపుకున్నాడు, దుర్మార్గుడు! దహనం లేని ఆ ప్రాణాల చేత వెట్టిచాకిరీ చేయించుకున్నాడు.

మరి రాజుగారు ఏడ్చారా? ఏడ్చారు, బంగారం కోసం!

"పోయినవాళ్లు ఎలాగూ పోయారు. వరహాలు తెండి!" అన్నాడు కొడుకులతో.

పెద్దవాడు రెండో సముద్రంలో, నడిమివాడు ఐదో సముద్రంలో జడిసి తిరిగొచ్చారు. చిన్నవాడు ఉదయకేతు బయలుదేరుతుంటే, మునిగిన ఓడను నడిపిన సరంగు కూతురు సింగారి అడ్డం నిలిచింది.

"బంగారం కోసమా దొరా, మా అయ్య కోసమా?"

"మీ అయ్య కోసమే."

"ఆయన వరహా మీద నేనే చేపబొమ్మ గీశాను. నా తాబేలు మీద పో. మాట తప్పావో, నడిసముద్రంలో దింపేస్తుంది."

"దింపేస్తాను," అంది తాబేలు.

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు. అక్కడ పొగలా పలచబడ్డ మనుషులు కాలకంఠుడి కోటకు రాళ్లు మోస్తున్నారు. ఉదయకేతుకు ఒళ్లు మండిపోయింది. కోట గుమ్మంలో పంజరం, పంజరంలో చిలుక, చిలుక మెడలో చేపబొమ్మ వరహా!

"వాడి ప్రాణం ఆ చిలుకలోనే ఉంది," అని గొణిగింది తాబేలు.

ఉదయకేతు కత్తి దూయలేదు. ఒడ్డున పడున్న ఓడచెక్కలు పేర్చాడు.

"చలి కాచుకుంటున్నావా, చిట్టిరాజా?" అని కాలకంఠుడు పగలబడి నవ్వాడు.

సరంగు పేరు పిలిచి నిప్పు పెట్టాడు ఉదయకేతు. చిలుక తల వాల్చింది. నవ్వుతున్న నోరు నవ్వుతుండగానే మాంత్రికుడు కూలాడు.

తాబేలు మీద ఉదయకేతుతో పాటు వరహాలూ ఓడచెక్కలూ ఊరి ఒడ్డుకు చేరాయి. రాజు గబగబా చెయ్యి చాచాడు.

"తీసుకో నాన్నా, మెడలో వేసుకో," అన్నాడు ఉదయకేతు. "ఇంకా చాలా చితులు వెలిగించాలి."

రాజు చెయ్యి వెనక్కి పోయింది. ఆ పూటే కిరీటమూ దిగి ఉదయకేతు తలకెక్కింది.

చితులన్నీ వెలిగాయి. వెట్టి చేసిన ప్రాణాలన్నీ చల్లగా వెళ్లిపోయాయి. సింగారి ఉదయకేతును పెళ్లాడింది. వాళ్లు నిండు నూరేళ్లు ఏలారు. వాళ్ల కాలంలో ఓడ మునిగిందన్న కబురొస్తే, ఉదయకేతు ముందుగా మనుషుల పేర్లే అడిగేవాడు.