ముప్పై అయిదో ముడి

కౌముది కట్టిన లెక్కలో ఎప్పుడూ తప్పు దొరికేది కాదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

సొరచేపల మీద పరిశోధనకని ఆమె కాకినాడ నుంచి అండమాన్ వచ్చి మూడేళ్లయింది. సముద్రంలో మునగడం నేర్పింది గనగళ్ల దానయ్య మాస్టారు. వాళ్ల పెద్దలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడిన జాలరులు. నలభై ఏళ్లుగా మునుగుతున్నా, నీళ్లలో దిగే ముందు ఆయన ప్రతిసారీ ఎంత లోతున ఎంతసేపు ఉండొచ్చో చెప్పే పట్టిక తీసి, మొదటి గడి నుంచి వేలు పెట్టి చదివేవారు.

కౌముదికి ఆ పట్టికలన్నీ కంఠతా వచ్చు. లోతులో ఉన్నంతసేపూ పీల్చే గాలిలోని నత్రజని ఒంట్లోకి ఇంకుతుంది. పైకొచ్చాక నెమ్మదిగా వదులుతుంది. పూర్తిగా వదలకముందే మళ్లీ దిగితే ఆ మిగులును కూడా కలుపుకోవాలి. సిలిండర్‌లో ప్రాణవాయువు పాలు పెంచితే నత్రజని తగ్గుతుంది గాని, ఆ గాలితో హద్దు దాటి కిందికి పోతే ప్రాణవాయువే విషమవుతుంది. అందుకే ఒక్కో మిశ్రమానికి ఒక్కో పట్టిక, ఒక్కో హద్దు.

ఆ ఉదయం ఇద్దరూ నూటికి ముప్పై రెండు పాళ్ల ప్రాణవాయువుతో ఒకసారి మునిగి వచ్చారు. రెండో మునకకు ముప్పై ఆరు పాళ్ల సిలిండర్లు సిద్ధంగా ఉన్నాయి. ఇరవై రెండు మీటర్లు దాటకూడదని ముందే అనుకున్నారు. ఈలోగా ఒంట్లో నత్రజని తగ్గేదాకా, తాము వచ్చిన చిన్న పడవ డింగీలో గంటన్నర కూర్చోవాలి.

ఇరవై నిమిషాలు గడిచాయో లేదో, పడవ కింద నీళ్లు నల్లబడ్డాయి.

మబ్బు పట్టిందేమోనని కౌముది తలెత్తింది. ఆకాశం శుభ్రంగా ఉంది. వంగి చూసింది.

డింగీకి రెండింతల పొడవున ఒక ఒళ్లు కదులుతోంది. వీపు నిండా తెల్లచుక్కలు. ఎక్కడా తొందర లేదు. తల దాటిపోయాక కూడా ఆ ఒళ్లు ఇంకా వస్తూనే ఉంది.

చుక్కలసొర! మూడేళ్లుగా ఆమె బొమ్మల్లో తప్ప చూడనిది. తోక ఒక్కసారి ఊగింది. అది పగడపు దిబ్బ అంచు దాటి కిందికి దిగసాగింది.

కౌముది పలక లాక్కుని గబగబా నాలుగు వరసలు రాసింది.

"ఇప్పుడే దిగొచ్చు మాస్టారూ! పాత నత్రజని కలిపినా, ఇరవై రెండు మీటర్ల దగ్గర పదిహేను నిమిషాలు వస్తోంది. చూడండి."

దానయ్య పలక అందుకుని నిదానంగా రెండుసార్లు చదివారు.

"లెక్క ఒప్పే తల్లీ."

ఆమె అప్పటికే సిలిండర్ పట్టీలు బిగిస్తోంది. ఆయన వద్దనలేదు. లంగరు పక్కనున్న తాడు చుట్ట తీసి ఆమె చేతిలో పెట్టారు. చివర సీసం గుండు, మీటరుకొక ముడి.

"అది పోయిన కాడ వదులు. ముడులు లెక్కెట్టు."

"అది వెళ్లిపోతోంది మాస్టారూ!"

"అందుకే బేగి వదులు."

నీళ్లు అద్దంలా ఉన్నాయి. తాడు ఆమె వేళ్ల మధ్య నుంచి జారింది. పది. పదిహేను. ఇరవై రెండో ముడి నీళ్లలో పడింది. సొర ఇంకా కిందనే ఉంది. ఇరవై ఎనిమిది. ముప్పై ఆరు పాళ్ల గాలికి హద్దు అదే, దాటితే విషం. సొర ఇంకా కిందనే ఉంది.

కౌముది పైకి లెక్కపెట్టడం మానేసింది. పెదవులు మాత్రం కదులుతున్నాయి.

ముప్పై అయిదో ముడి దగ్గర తాడు అయిపోయింది. గుండు నేల తాకలేదు. దానికీ కింద, ఎక్కడో, తెల్లచుక్కలు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

చాలాసేపు ఆమె అలాగే వంగి ఉండిపోయింది.

"ఇరవై రెండు కాడ నువ్వు ఆగుదువా?" దానయ్య మెల్లగా అడిగారు.

అబద్ధం చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. "ఆగను మాస్టారూ."

"నేనూ ఆగను," అన్నారాయన. "అందుకే కూకున్నాను."

కౌముది పట్టీలు విప్పేసి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఇంకా గంటకు పైగా ఉంది. ఊపిరి లోపలికి వస్తోంది, బయటికి పోతోంది. ఒంట్లో ఇంకిన నత్రజని తనకు తెలియకుండానే తనను వదిలిపోతోంది. దాన్ని తొందరపెట్టడం తన చేతిలో లేదు. రోజూ లెక్క కట్టిన సంగతే. ఇంత వింతగా ఎప్పుడూ తోచలేదు.

వేళయ్యాక ఇద్దరూ దిగారు. ఇరవై రెండు మీటర్ల దగ్గర, దిబ్బ అంచున ఆగారు. అక్కడి నుంచి కిందికి నీలం చిక్కబడి, నల్లబడి, ఇక ఏ రంగూ లేకుండా పోయింది. కౌముది కెమెరా పట్టుకుని ఎదురుచూసింది. ఏదీ రాలేదు.

పక్కకు తిరిగి చూసింది.

దానయ్య మాస్టారు నీళ్లలో నిశ్చలంగా తేలుతూ, ఆ చీకటికేసి రెండు చేతులూ జోడించి ఉన్నారు.

ఆమె కెమెరాను మెల్లగా వదిలింది. అది పట్టీకి వేలాడింది. తనూ చేతులు జోడించింది.