ఇదిగో, వచ్చేశాం

ఈ కథ నాకు మొదట చెప్పింది భ్రమరాంబ. పక్కనుండి చూసిన మనిషి కాబట్టి ఆమె చెప్పిందే లెక్క.

నరసరావుపేటలో కోటిలింగం అనే ఆయన ఉండేవాడు. నడకలో తనను మించినవాడు లేడని గర్వం, వెంట వచ్చేవాళ్ళను నడిపించడానికి నోటికొచ్చిన అబద్ధం ఆడే అలవాటు. ఒక వేసవి సెలవుల్లో చెల్లెలు భ్రమరాంబనూ, ఆమె కూతుళ్ళు అలివేలునూ కనకాన్నీ హైదరాబాదు చూపిస్తానని తీసుకెళ్ళాడు.

చిన్నది కనకానికి అప్పటికి ఐదో ఏడు. సాలార్‌జంగ్ మ్యూజియంలో పెద్ద గడియారం ఉందనీ, గంట గంటకూ దాంట్లోంచి బుల్లి బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుందనీ బడిలో పంతులమ్మ చెప్పింది. ఇక ఆ పిల్లకు గాజులు వద్దు, ఐసు వద్దు. ఆ బొమ్మ కావాలి.

నాంపల్లి స్టేషనులో దిగగానే, "మామయ్యా, గడియారం ఎక్కడ?" అంది.

"ఇదిగో, ఆ మలుపు తిరిగితే అదే," అన్నాడు కోటిలింగం.

ముందు చార్మినారు, తిరిగి వచ్చేటప్పుడు మ్యూజియం అని ఆయన మనసులో ఉంది. ఆ సంగతి చెబితే పిల్ల నడవదని చెప్పలేదు. మలుపు తిరిగితే పళ్ళ మార్కెట్టు వచ్చింది. "ఇదిగో, ఆ మేడ దాటితే వచ్చేశాం," అన్నాడు. దాటితే కోఠీ బట్టల కొట్లు వచ్చాయి. ఎండ నడినెత్తికెక్కింది.

"అన్నయ్యా, పిల్లల ముఖాలు చూడు. ఎక్కడన్నా నీడన కూర్చోబెడదాం," అంది భ్రమరాంబ.

"కూర్చుంటే కాళ్ళు పట్టేస్తాయి. ఇక లేవరు."

"పోనీ ఆటో పిలువు."

"ఆటో ఎక్కేదానివి నాతో రావడమెందుకు? మీ ఆయనతో రావలసింది!" అని ఎత్తిపొడిచాడు.

పెద్దది అలివేలు ఊరుకోలేదు. "మామయ్యా, నీ దగ్గర ఇంకా ఎన్ని మలుపులున్నాయి?" అంది.

చార్మినారు దగ్గరికి చేరేసరికి కనకం కుంటుతోంది. కోటిలింగం పైకి చెయ్యెత్తి, "ఇదిగో నీ గడియారం!" అన్నాడు. చార్మినారుకూ గడియారం ఉంది కదా!

కనకం చాలాసేపు తలెత్తి చూసింది. "మరి గంట కొట్టే బొమ్మేదీ?"

"దానికి ఇవాళ సెలవు."

పిల్ల తల దించుకుంది.

మ్యూజియం వీధికి వచ్చేసరికి బాగా పొద్దు వాలింది. గేటు కనబడుతోంది. మూసేవేళ దగ్గరపడింది. అప్పుడు కోటిలింగం చెప్పింది అక్షరాలా నిజం. "ఇదిగో, వచ్చేశాం! పరిగెత్తు తల్లీ!"

కనకం ఒక కొట్టు మెట్టు మీద కూలబడింది. "నేను రాను."

"అదుగోనే గేటు! ఒట్టు!"

"నువ్వు ఇదిగో అంటే చాలా దూరం మామయ్యా."

ఎత్తుకోబోతే మెట్టు పక్కనున్న ఇనుప కమ్మీ పట్టుకుని బావురుమంది. తల్లి చెప్పులు విప్పి చూసింది. పాదాల నిండా బొబ్బలు. ఇక ఆ పిల్లను ఎవరూ లేపలేదు. అలివేలు ఒక్కతే గేటుదాకా పరిగెత్తి, వెనక్కి వచ్చింది. "అమ్మా, మూసేశారు," అంది.

సాయంత్రం బండికే తిరుగు ప్రయాణం. దారిలో కనకం ఎదుటి సీటులోని ముసలమ్మను అడిగింది, "అవ్వా, మా ఊరు ఇంకా ఎంత దూరం?"

"పక్కనే మామయ్య ఉన్నాడుగా, అడగవే," అంది భ్రమరాంబ.

"మామయ్యకు దూరాలు తెలీవమ్మా, పాపం," అంది కనకం.

వెటకారం కాదు. నిజంగానే జాలిపడింది. అబద్ధాలకోరు అని తిట్టినా కోటిలింగానికి అంత బాధ కలిగేది కాదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

కానీ ఊళ్ళో అడిగినవాళ్ళకు మాత్రం, "పిల్ల మొండికేసింది, అందుకే చూడలేకపోయాం," అని చెప్పాడు. తప్పు తనదని చెప్పుకోవడానికి నడకలో మొనగాడికి నోరు రాలేదు. ఆ తరవాత ఎన్నిసార్లు పిలిచినా కనకం ఆయనతో వీధి చివరి కొట్టుకు కూడా వెళ్ళలేదు. ఆ బెంగ ఆయనకు చివరిదాకా ఉండిపోయింది.

పసిపిల్లలను వెంటబెట్టుకుని తిరిగేవాడు దూరం ఉన్నదున్నట్టు చెప్పాలి, వాళ్ళ కాళ్ళు ఆగినచోట తానూ ఆగాలి. మాయమాటలతో నడిపిస్తే, నిజం చెప్పిన రోజున మన మాట ఎవరూ నమ్మరు. కనకం మొండిదని ఈనాటికీ చెప్పుకునే బంధువులున్నారు, వాళ్ళెవరో నాకు తెలుసు. ఇది చదివినవారు ఎవరైనా సరే, వాళ్ళ దగ్గర ఆ మాట సరిదిద్దండి.