తొట్టి అడుగున కన్నం

నగరంలో మూతపడ్డ బస్సుల షెడ్డు ఒకటి ఉండేది. వాన పడితే దాని రేకుల మీది నీళ్లన్నీ గొట్టంలోంచి జారి, పక్కనున్న పెద్ద సిమెంటు తొట్టిలో చేరేవి. ఎదురుగా, రోడ్డు మధ్యలో పన్నెండు కానుగ చెట్లు. ఇంకా వేళ్లు లోతుకు దిగని లేత చెట్లు. వేసవిలో నీళ్లు పోయకపోతే ఎండిపోతాయి. ఎండిన చెట్టును మనుషులు రంపంతో కోసి లారీ ఎక్కిస్తారు.

ఆ భయంతోనే ముగ్గురు కలిసి పని పంచుకున్నారు. తొట్టిలో ఉండే ముసలి తాబేలు నీలవ్వ నీళ్లకు కాపలా. గాడిద మల్లప్ప తొట్టి కుళాయి దగ్గర నిండిన రెండు క్యాన్లను వీపున మోస్తాడు. ఉడుత సింగారి చెట్టు దగ్గర క్యాను బిరడా లాగి, తడిసిన మట్టి మీద ఎండుటాకులు కప్పుతుంది. నాలుగు రోజులకోసారి, ఎండ ఎక్కకముందే, చెట్టుకు ఒక్క క్యాను. అలా పొదుపుగా పోస్తే మళ్లీ వానలదాకా నీళ్లు వస్తాయని నీలవ్వ అంచనా.

చైత్రం దాటాక ఒకరోజు నీలవ్వ గోడ మీద గోటితో గీసిన గీత చూసి ఉలిక్కిపడింది.

"సింగారీ, నిన్నటికీ ఇవాళ్టికీ జానెడు తగ్గిందే! నిన్న మనం చుక్క కూడా తియ్యలేదు."

సింగారి చెట్ల వైపు చూసింది. ఏడో చెట్టు మీద దాని గూడు ఉంది. అందులో ఇంకా కళ్లు తెరవని మూడు పిల్లలు. "ఎండకి ఇగిరిందేమో అవ్వా?"

"ఒక్క రోజులో జానెడు ఎలా ఇగురుతుంది?"

ఆ మాట విని షెడ్డు వెనకనుంచి పందికొక్కు గున్నయ్య తాపీగా వచ్చాడు. "నాకెందుకులే గానీ చెల్లీ, మిట్టమధ్యాహ్నం మీరు కునుకు తీసేవేళ ఆ గాడిద తొట్టి చుట్టూ తిరగడం చూశాను. అంత పెద్ద పొట్ట, దాహం ఆగద్దూ?"

"మల్లప్ప మామ అలాంటివాడు కాదు," అంది సింగారి. కానీ అప్పటినుంచీ దానికి నిద్ర పట్టలేదు. మర్నాడు ఇంకో జానెడు తగ్గింది. మల్లప్ప క్యాన్లతో రాగానే నోరు జారింది.

"మామా, నిజం చెప్పు. నీళ్లు నువ్వే తాగేస్తున్నావు కదూ?"

మల్లప్ప వీపు విదిలించి క్యాన్లు కింద పడేశాడు. "రెండేళ్లుగా మోస్తున్నానమ్మా. ఒక్కపూట కూడా మీ తొట్టిలో మూతి పెట్టలేదు." అనేసి వెళ్లిపోయాడు.

క్యాను మోసేవాళ్లు లేరు. నాలుగు రోజులు గడిచాయి, ఎనిమిది గడిచాయి. ఆకులు దొప్పల్లా ముడుచుకున్నాయి. సింగారి నోటినిండా నీళ్లు పట్టుకుని పరిగెత్తి ఒక్కో వేరుకూ పోసేది. అవి మట్టి పైపొరను కూడా తడపలేదు. ఇంత జరుగుతున్నా తొట్టిలో నీళ్లు రోజుకో జానెడు తగ్గుతూనే ఉన్నాయి.

"మల్లప్ప ఇటు రావడమే మానేశాడు. మరి తాగేదెవరే?" అంది నీలవ్వ.

సింగారికి గున్నయ్య మాటలు గుర్తొచ్చాయి. షెడ్డు గోడెక్కి వెనక్కి తొంగి చూసింది. ఊరంతా గడ్డి మాడిపోయిన ఆ ఎండల్లో గున్నయ్య కలుగు ముందు గుమ్మడి పాదు పచ్చగా పాకి, పిందెలు కూడా వేసింది.

దిగివచ్చి గుసగుసగా చెప్పింది. నీలవ్వ తొట్టి అడుగంతా కాళ్లతో తడిమింది. ఆకుల బురద కింద ఒక కన్నం, దానికి కింది నుంచి కుక్కిన గుడ్డపీలిక తగిలాయి.

సింగారి ముందు మల్లప్ప దగ్గరికి పరుగెత్తింది. "తప్పయిపోయింది మామా. నా పిల్లల భయంలో నీ ముఖం చూడలేకపోయాను."

"చెట్లు ఎలా ఉన్నాయి?" అన్నాడు మల్లప్ప. అంతే. బయల్దేరాడు.

తర్వాత సింగారి గున్నయ్య దగ్గరికి వెళ్లి కళ్లు తుడుచుకుంది. "ఇక మావల్ల కాదన్నా. ఈ సాయంత్రం కుళాయి విప్పేసి, ఉన్న నీళ్లన్నీ ఒకేసారి చెట్లకు వదిలేస్తాం."

"అయ్యో పాపం!" అన్నాడు గున్నయ్య. సింగారి అటు వెళ్లగానే, కలుగులోంచి తొట్టి కిందికి తవ్వుకున్న సొరంగంలో దూరాడు. సాయంత్రంలోగా తొట్టంతా తన పాదులోకి తోడేసుకోవాలి. గుడ్డపీలిక లాగాడు. చుక్క రాలేదు, ఎందుకంటే పైన నీలవ్వ కన్నం మీద కదలకుండా కూర్చుంది.

"బురద అడ్డుపడిందేమో," అనుకుని పళ్లతో కన్నం ఇంకా పెద్దది చేశాడు. తల లోపలికి దూర్చాడు. నీలవ్వ చటుక్కున పక్కకు జరిగింది.

నీళ్లు ఒక్క ఉదుటున దూకాయి. గున్నయ్య వెనక్కి దొర్లుతూ, దాచుకున్న జొన్నలతో సహా కలుగులోంచి కొట్టుకొచ్చి, మల్లప్ప కాళ్ల ముందు పడ్డాడు.

"దాహం ఆగలేదా గున్నయ్యా?" అన్నాడు మల్లప్ప.

గున్నయ్య దగ్గుతూ, ఒళ్లంతా బురదతో మురుగుకాలవ వైపు పారిపోయాడు. ఈలోగా నీలవ్వ మళ్లీ కన్నం మీద కూర్చుంది. సింగారి, మల్లప్ప బంకమట్టి తెచ్చి కన్నాన్ని గట్టిగా పూడ్చారు.

తొట్టిలో మూడోవంతు నీళ్లే మిగిలాయి. ఇక చెట్టుకు అర క్యానే. చివరి రెండు చెట్లు అప్పటికే ఎండిపోయాయి. మనుషులు వచ్చి కోస్తుంటే సింగారి పిల్లల్ని పొదువుకుని ఆ రంపం చప్పుడు వింటూ కూర్చుంది. వానలు కూడా ఆలస్యమయ్యాయి. తొట్టి అడుగు కనిపించిన రోజున రేకుల మీద మొదటి చినుకులు టపటపా రాలాయి. పది చెట్లు బతికాయి.

నీళ్లు తగ్గినప్పుడు ముందు తొట్టి అడుగు తడమాలి, తోటివాణ్ణి నిలదియ్యడం ఆ తర్వాత.