విన్నది లెక్క కాదు

నక్కలంకలో తెలివైనవాళ్ళు ఎవరని అడిగితే మంగాయమ్మ ఇంట్లో నలుగురూ ఒకేసారి చెయ్యెత్తేవారు. మంగాయమ్మ, పెద్దకొడుకు నూకరాజు, అతని పెళ్ళాం అచ్చియ్యమ్మ, చిన్నకొడుకు అబ్బులు. వారమంతా తిరిగి తిరిగి గడియారం అలిసిపోతుందని ఆ ఇంట్లో ఆదివారం దానికి సెలవిచ్చేవారు. వానొస్తే కొత్త గొడుగు తడిసిపోతుందని నూకరాజు దాన్ని చొక్కాలో దాచుకుని, తను నిలువునా తడిసి ఇంటికొచ్చేవాడు. ఇంత ముందుచూపు ఊళ్ళో ఇంకెవరికుంది చెప్పండి?

మంగాయమ్మకి రెండు పాటలు వచ్చు. రెండూ సొంతంగా కట్టినవే. ఒకటి కోడిపుంజు మీద, రెండోది వాళ్ళ గేదె చుక్కమ్మ మీద. పుంజు పాట ఏదో సరదాకి కట్టింది గానీ, గేదె పాటంటే ఆవిడకి ప్రాణం. మొగుడు పోయినప్పుడు ఇంట్లో మిగిలింది ఆ గేదె ఒక్కటే. దాని పాలతోనే సంసారం నిలబడింది. ఆ పాట లోకమంతా వినాలని ఆవిడ కోరిక.

అవి క్యాసెట్ల రోజులు. కాకినాడ నుంచి పాలపిట్ట క్యాసెట్ల కంపెనీ వాళ్ళు పల్లెపాటలు వెతుక్కుంటూ పడవెక్కి లంకకి వచ్చారు. మంగాయమ్మ చేత వాకిట్లోనే పుంజు పాట పాడించుకుని, ఒంటిపాట క్యాసెట్ వేశారు. రెండువైపులా అదే పాట.

"మరి మా చుక్కమ్మ పాటో, బాబూ?" అంది మంగాయమ్మ.

"ఈ నెల్లో ఇలాంటి ఒంటిపాటలు పది వదిలామమ్మా," అన్నాడు కంపెనీ గుమాస్తా పద్మనాభం. "నెలాఖరుకి ఏ పాట ఎక్కువ అమ్ముడైతే వాళ్ళకే రెండో పాట పాడే ఛాన్సు."

"ఎక్కువో తక్కువో తమరికెలా తెలుస్తాదండి?" అన్నాడు నూకరాజు.

"రావులపాలెంలో గవర్రాజు గారి కొట్టు లేదూ? శనివారం శనివారం అక్కడికొస్తాను. మీ క్యాసెట్ ఆ కొట్టు బల్ల ఎన్నిసార్లు దాటితే అన్ని అమ్ముడైనట్టు రాసుకుంటాను."

అంతే. మర్నాడు పొద్దున్నే అన్నదమ్ములిద్దరూ గవర్రాజు కొట్లో దిగిపోయారు. నూకరాజు బల్లకి ఇవతల, అబ్బులు అవతల. మధ్యలో ఒక్కటే క్యాసెట్. అన్న ఇటు నుంచి అందిస్తాడు, తమ్ముడు అటు నుంచి అందిస్తాడు. గవర్రాజు వద్దన్నా వినరు, కసిరినా కదలరు. కొనడానికొచ్చిన వాళ్ళు ఆ వింత చూసి గుమ్మంలోంచే వెళ్ళిపోయారు. సాయంత్రానికి ఇద్దరి చేతులూ పడిపోయాయి గానీ లెక్క మాత్రం ఎనిమిదివందల పదకొండుకి చేరింది.

శనివారం పద్మనాభం వచ్చి నెత్తి పట్టుకున్నాడు.

"ఎవరైనా డబ్బిచ్చి కొనుక్కుని ఇంటికి పట్టుకెళ్ళాలయ్యా! కొన్నదే లెక్క."

"ఆయ్! అయితే మా లంకలో పన్నెండిళ్ళ వాళ్ళు కొన్నారండి. పొద్దస్తమానం వింటానే ఉన్నారండి," అన్నాడు అబ్బులు హుషారుగా.

"వింటే నాకేంటి? నూరుసార్లు విన్నా సరే, విన్నది లెక్క కాదు," అనేసి పద్మనాభం బస్సెక్కేశాడు.

ఇంకేముంది! అన్నదమ్ములు ఏడుపు మొహాలేసుకుని ఇల్లు చేరారు.

"కొంప మునిగిందే అమ్మా! విన్నది లెక్క కాదంట. మనోళ్ళేమో పన్నెండు క్యాసెట్లూ వినేత్తన్నారు!"

మంగాయమ్మ గుండె బాదుకుంది. "ఎంత పని చేశార్రా! అందుకేనా మొన్న దారిలో కనపడి, పాట బాగుందత్తా అని అంతమంది చెప్పారూ!"

ఇంటి మొత్తానికి తెలివి కోడలిదని పేరు. అచ్చియ్యమ్మ కాసేపు ఆలోచించి, "వినకుండా చేసేత్తే లెక్కలోకి వచ్చేత్తాయి కదండీ. అందులో ఉన్న నల్లదారం లాగేద్దాం," అంది.

అంతే. ఊరంతా చేలోకెళ్ళిన వేళ చూసి నలుగురూ నాలుగు వీధుల్లోకి వెళ్ళారు. పన్నెండిళ్ళలోనూ క్యాసెట్లు వెతికి, టేపు మొత్తం బయటికి లాగేసి, ఖాళీ డబ్బాలు పద్ధతిగా ఎక్కడివక్కడ పెట్టేశారు. వెళ్ళేముందు తలుపులు కూడా దగ్గరగా వేశారు. దొంగతనం అంటారేమోనని!

లాగిన టేపు నాలుగు గంపలైంది. నూకరాజు దాన్ని పెంటకుప్పలో వెయ్యబోతే మంగాయమ్మ అడ్డం పడింది.

"అది నా పాట్రా! నేల మీద పడేత్తే నేనూరుకోను."

నేలకి తగలకూడదు, ఎవరూ వినకూడదు. మరెక్కడ పెట్టాలి? అబ్బులుకి తోచింది. వాళ్ళ జొన్నచేను చుట్టూ కర్రలు పాతి, ఈ కర్ర నుంచి ఆ కర్రకి టేపంతా కట్టేశారు. నేలకి తగల్లేదు, చేలో జొన్నలకి చెవుల్లేవు. నలుగురూ ఒకళ్ళ తెలివిని ఒకళ్ళు మెచ్చుకుంటూ ఇంటికొచ్చారు.

శనివారం నాటికి జరగాల్సింది జరిగింది. పన్నెండు ఖాళీ డబ్బాలూ గవర్రాజు బల్ల మీదికి తిరిగొచ్చాయి.

"తిరిగొచ్చినవి తీసెయ్యాలి. పన్నెండులో పన్నెండు పోతే సున్నా. మీకింక ఒక్క శనివారమే ఉంది," అన్నాడు పద్మనాభం.

ఆ పూట మంగాయమ్మ అన్నం ముట్టలేదు. చుక్కమ్మ పక్కన కూర్చుని, దాని మెడ నిమురుతూ, "నీ పాట లోకం వినే రాత లేదే తల్లీ," అని ఏడ్చింది. కొడుకులకీ కోడలికీ కూడా కళ్ళనీళ్ళు ఆగలేదు. ఎంత తెలివైనవాళ్ళకైనా అమ్మ ఏడిస్తే ఏడుపొస్తుంది కదా.

అప్పుడు లంకలో జొన్నకంకులు పాలు పోసుకుంటున్నాయి. చిలకలూ పిచ్చుకలూ దండు కట్టుకొచ్చి చేలన్నీ ఊడ్చేస్తున్నాయి. ఒక్క మంగాయమ్మ చేను మీద మాత్రం పిట్ట వాలడం లేదు. గాలి వీస్తే చాలు, కట్టిన టేపు ఎండకి తళతళా మెరుస్తూ జుయ్యిమని మోగుతోంది. పిట్టలు బెదిరి పారిపోతున్నాయి. రైతులంతా వచ్చి నోళ్ళు తెరుచుకుని చూశారు.

"ఏంటయ్యా నూకరాజూ, ఆ కట్టింది?"

"మా అమ్మ పాడిన పుంజు పాటండి."

"అదీ సంగతి! పుంజంటే పిట్టలకి హడల్రా!" అన్నాడో పెద్దాయన.

ఇంకేముంది! ఆ మాట పడవెక్కి గోదావరి దాటింది. పై లంకల వాళ్ళు, కింది లంకల వాళ్ళు, గట్టు మీది ఊళ్ళవాళ్ళు గవర్రాజు కొట్టు మీద పడ్డారు. "ఏ టేపైనా ఒకటేనండీ, సినిమా పాటలు పట్టుకెళ్ళండి," అని గవర్రాజు మొత్తుకున్నాడు. ఒక్కరూ వినలేదు. సినిమా పాటకి పిట్ట బెదురుతుందా? పుంజు పాటే కావాలి! ఎకరానికి నాలుగేసి పట్టుకెళ్ళారు. కంపెనీ వాళ్ళు రోజూ వేస్తున్నా చాలలేదు. ఒక్కటీ తిరిగి రాలేదు. టేపు కర్రలకి కట్టేశాక తిరిగివ్వడానికి ఏముంటుంది గనక?

ఆఖరి శనివారం పద్మనాభం రాసుకుని రాసుకుని రెండు కలాలు అరగదీశాడు. పుంజు పాట అన్నిటికన్నా పైన నిలబడింది. కొన్నవాళ్ళలో పాట విన్నవాడు ఒక్కడూ లేడు.

"చూశారాండి! ఎవరూ వినకపోబట్టే లెక్క ఇంత పెరిగింది," అంది అచ్చియ్యమ్మ గర్వంగా.

మాటంటే మాటే. రెండో పాటకి కాకినాడ రమ్మని కబురొచ్చింది. మంగాయమ్మ కొత్త చీర కట్టుకుని, చుక్కమ్మకి దణ్ణం పెట్టుకుని, కొడుకుల్నీ కోడల్నీ వెంటేసుకుని బయల్దేరింది. స్టూడియోలో యంత్రం నడిపే ఆయన నలుగుర్నీ అద్దాల గదిలో కూర్చోబెట్టాడు.

"ఆ ఎర్రదీపం వెలిగినంతసేపూ ఈ గదిలో ఎవరూ నోరు మెదపకూడదు. జాగ్రత్త!" అని గట్టిగా చెప్పి, దీపం వెలిగించి, మీట నొక్కి, టీ తాగడానికి వెళ్ళిపోయాడు. పాటెలా ఉంటే ఏంటి, రైతులకి కావాల్సింది టేపేగా అని ఆయన ధీమా.

దీపం వెలిగింది. నలుగురూ నోళ్ళు మూశారు. నూకరాజుకి దగ్గొస్తే తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. మంగాయమ్మకి పాట గొంతుదాకా వచ్చింది, మింగేసింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ మింగేసింది. అరగంట అలాగే గడిచింది.

ఆయన తిరిగొచ్చి యంత్రం ఆపి, దీపం ఆర్పాడు. అంతే, మంగాయమ్మ ఒక్కసారిగా గొంతెత్తింది. చుక్కమ్మ నల్లని ఒళ్ళు, మొగుడు పోయిన ఏడు, పాల తపేలా మోసుకుంటూ రేవు దాటిన వానలు, అన్నీ ఆ పాటలో ఉన్నాయి. గుమ్మంలో నిలబడ్డ ఆయన కదల్లేకపోయాడు. కళ్ళు తుడుచుకుని, "అమ్మా, ఎంత బాగా పాడావు! ఇదంతా ఇందాకే టేపులో పడిపోయిందిగా, ఇంక ఇంటికెళ్ళి హాయిగా ఉండు," అన్నాడు.

పదిరోజులకి క్యాసెట్ వచ్చింది. ముందు చుక్కమ్మకే వినిపించాలని టేప్‌రికార్డర్‌ని పశువుల పాకలో పెట్టి, నలుగురూ గేదె చుట్టూ చేరారు. నూకరాజు మీట నొక్కాడు. చప్పుడు లేదు. ఎంతసేపు చూసినా చప్పుడు లేదు. చుక్కమ్మ నెమరేస్తోంది.

"ఎక్కడా ఒక్క ముక్క తప్పు పోలేదత్తా!" అంది అచ్చియ్యమ్మ.

"నా దగ్గు కూడా పడలేదు చూడవే," అన్నాడు నూకరాజు.

మంగాయమ్మకి సంతోషంతో కళ్ళు చెమర్చాయి. "ఇన్నాళ్ళకి నా పాట..." అంటూ ఉండగా అబ్బులు ఉలిక్కిపడి లేచాడు.

"అమ్మా! మనం వినేత్తన్నామే! విన్నది లెక్క కాదన్నారు కదా!"

నలుగురూ గబగబా చెవులు మూసుకున్నారు. క్యాసెట్ రెండువైపులా అయిపోయేదాకా అలాగే కూర్చున్నారు. అందరికీ రెండేసి చేతులే కాబట్టి, చుక్కమ్మ చెవులు మాత్రం ముయ్యలేకపోయారు.