ఆత్మకూరులో నిండుకున్న బియ్యం

నడిచే రోజుల్లో మా గురుపాదయ్య అయ్యవారు అందరికంటే ముందు లేచేవారు. ఆగిన రోజున మాత్రం అందరికంటే ఎక్కువ నిద్రపోయేవారు. సత్రం అరుగు మీద కండువా పరుచుకుని, చేయి తలకింద పెట్టుకుని పడుకున్నారంటే ఎండ పాదాల మీదికి వచ్చినా కదిలేవారు కాదు. గురక కూడా పెట్టేవారు. గురువు గురక పెట్టడమేందని మాలో కొందరికి సిగ్గు. నాకేం సిగ్గులేదు. బస్సు కండక్టరు పని చేసినవాణ్ణి, మనిషికి నిద్ర ఎంత కావాలో నన్నడగండి చెప్తాను.

ఇది ముప్పై ఏండ్ల కిందటి మాట. తుంగభద్ర ఒడ్డున అయ్యవారిది చిన్న మఠం. ఏటా మార్గశిరంలో ఏడెనిమిది మందిమి ఆయన వెంట శ్రీశైలానికి నడిచేవాళ్లం. శివరాత్రికీ ఉగాదికీ అయితే అడవి పొడుగునా అన్నదానాలుంటాయి, చేతులూపుకుంటూ పోవచ్చు. కానీ అయ్యవారికి జనం పడదు. అందుకని మా తిండి మేమే మోసుకోవాలి. నల్లమలలో అడుగు పెట్టేముందు ఆత్మకూరులో ఒక రోజు నిండా ఆగడం ఆనవాయితీ. పగిలిన పాదాలకు ఆముదమూ పసుపూ పట్టించి, బట్టలుతుక్కుని, అడవికి కావలసిన బియ్యం, పప్పు కొనుక్కుని, మర్నాడు కోడికూతకు బయల్దేరేవాళ్లం.

ఆ యేడు మమ్మల్ని నడిపించే పెత్తనం అయ్యవారు శరభలింగానికి అప్పజెప్పినారు. ముప్పై యేండ్ల మనిషి. బడిపంతులు ఉద్యోగం వదిలేసి మఠంలో చేరినాడు. చెడ్డవాడు కాదు, కానీ ఆ పట్టుదల చూస్తే ఒళ్లు మండేది. నడుముకు తెల్లదారం కట్టుకుని, నడిచిన రోజుకొక ముడి వేసేవాడు. ఆగిన రోజుకు ముడి లేదు. ఆగడమంటే వాడి దృష్టిలో ఒంటికి లొంగిపోవడం.

మేం ఆత్మకూరు సత్రంలో దిగిన పొద్దున అయ్యవారు కండువా పరుచుకుంటున్నారు. శరభలింగం ఎదురుగా వచ్చి చేతులు కట్టుకుని నిలబడినాడు.

“అయ్యా, ఒక సందేహం. ఆగిన రోజు యాత్రలో చేరుతుందా, చేరదా?”

అయ్యవారు వాడి మొహంలోకి చూసినారు. “పెత్తనం నీది కదా నాయనా, నువ్వే తేల్చు,” అని పక్కకు తిరిగి పడుకున్నారు.

వాడు తేల్చేసినాడు. మధ్యాహ్నం అన్నం తినగానే బయల్దేరాలన్నాడు. నా మడమల మీద చింతగింజలంత బొబ్బలు. “ఏమప్పా, నీకేమన్నా పిచ్చా?” అని నేను ఎగిరినాను. “మీరు బస్సులోనే వచ్చుంటే బాగుండు కండక్టరప్పా,” అన్నాడు. అందరూ నవ్వినారు. నేను నోరు మూసుకున్నాను. అప్పుడు మూసుకోకుండా ఉండాల్సింది.

మాలో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి నీలమ్మ జేజి, అందరికీ అవ్వలాంటిది. డెబ్బై దాటినాయి. వంట ఆమెదే. కొడుకు నాలుగేండ్లవాడప్పుడు ఏదో జ్వరం వచ్చి మూడు రోజులు కన్ను తెరవలేదంట. వాడు లేస్తే శ్రీశైలం మల్లన్న దగ్గరికి నా కాళ్లతో నడిచి వస్తానని అప్పుడు మొక్కుకున్నది. కొడుకు లేచినాడు, పెండ్లి చేసుకున్నాడు, వానికీ పిల్లలు పుట్టినారు. మొక్కు మాత్రం అట్లనే ఉండిపోయింది. ఒకయేడు కోత, ఒకయేడు కాన్పు, తరవాత పదేండ్లు మంచాన పడ్డ మొగుడు. “ఈసారి కాకుంటే మల్లన్న దగ్గరికి నేను పొయ్యేది నడిచి కాదప్పా,” అని దారిలో నాతో అన్నది, నవ్వుతూనే. ఆమె మొక్కుకు నియమం ఇదీ, చెప్పుల్లేని కాళ్లతో, ఎవరూ మొయ్యకుండా పోవాలి.

శరభలింగం బయల్దేరే తొందరలో సత్రం వెనక వంటసాల గుమ్మం దగ్గర నిలబడి అడిగినాడు. “జేజీ, బియ్యం ఎట్లున్నాయి?”

ఆమె గిన్నెలు తోముతూ తలెత్తకుండానే చెప్పింది. “నిండుకున్నాయి నాయనా.”

“సరే మరి, కట్టెయ్యి,” అని వాడు వెళ్లిపోయినాడు.

నేను అరుగు మీద పాదాలకు ఆముదం రాసుకుంటూ ఆ మాట విన్నాను. బియ్యం తేవడానికే పోతున్నాడనుకున్నాను. జేజి కూడా అదే అనుకున్నది. బియ్యం వాడి మూటలోకి వచ్చుంటాయని ఆమె, ఆమె మూటలో నిండుగా ఉన్నాయని వాడు. వాడు సత్రం పనివాళ్లతో చిత్రాన్నం పొట్లాలు కట్టించినాడు, ఆ రాత్రికి అవే తిన్నాము. మూటలు విప్పే పని ఎవరికీ పడలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి అడవి నడుమ చెరువు దగ్గరికి చేరినాము. జేజి మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేసి, ఎసరు పెట్టి, చెయ్యి చాపింది. “బియ్యం ఇట్ల తే నాయనా.”

“బియ్యం నీ దగ్గరే కదా జేజీ?”

“నా దగ్గర యాడివి? నిండుకున్నాయని నీకు చెప్పినాను కదా!”

“అవును, నిండుకున్నాయనే కదా చెప్పినావు!”

ఇద్దరూ ఒకే మాట పట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. నాకు ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే నా మూట విప్పి వెతికినాను. కాసేపటికి జేజికి సంగతి అర్థమయింది. పొయ్యి ముందర కూర్చునే, పిల్లవానికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది.

“ఇంట్లో బియ్యం లేవు అనకూడదు నాయనా. ఉప్పు లేదు, పసుపు లేదు అనకూడదు. ఆ మాట ఇంటికి మంచిది కాదు. అందుకని నిండుకున్నాయి అంటాము. మీ అమ్మ ఎప్పుడూ అనలేదా?”

శరభలింగం తలవంచుకున్నాడు. అప్పుడు తట్టింది నాకు. వాడికి మూడేండ్లప్పుడే తల్లీ తండ్రీ పోయినారు. పెరిగిందంతా హాస్టళ్లలో. గంట కొడితే కంచం పట్టుకుని వరుసలో నిలబడ్డవాడు. బియ్యం నిండుకున్నాయి, పోయి పట్టుకురా అని వంటింట్లోంచి వాణ్ణి కేకేసినవాళ్లు ఎవరున్నారు గనక! తెలుగు పద్యాలు వంద అప్పజెప్పగలడు, ఆ ఒక్క మాట మాత్రం వాడి చెవిన పడలేదు. నాకు వాడి మీదున్న కోపం అక్కడికక్కడే సగం పోయింది. మిగతా సగం నా మీదికి తిరిగింది. నాకు ఆ మాట తెలుసు, వాడు వెనక్కి రావడమూ చూసినాను, చేతిలో బియ్యం ఉన్నాయా లేదా అని ఒక్క మాట అడిగి ఉంటే పోయేది.

అయ్యవారు చెరువు నీళ్లతో మొహం కడుక్కుని వచ్చి కూర్చున్నారు.

మూటల అడుగున గుప్పెడు రాగిపిండి, కాస్త బెల్లం దొరికినాయి. జేజి పల్చగా జావ కాచి అందరికీ పోసింది. తనకు పోసుకున్నదో లేదో ఎవరమూ చూడలేదు. ఆకలి మీదున్నాము, ఎవరి గిన్నె వాళ్లం చూసుకున్నాము. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది.

తెల్లవారి నడక మొదలుపెట్టి రెండు మైళ్లు కూడా పోలేదు, జేజి దారి పక్కన రాయి మీద కూర్చుండిపోయింది. ఆత్మకూరులో మానాల్సిన పుండ్లు మానలేదు, పాదాలు రెండూ వాచి పగిలి రసి కారుతున్నాయి. “కాళ్లు మాట వినడంలేదు,” అన్నది. ఒళ్లు కాలిపోతున్నది.

ఆమెను ఎత్తుకుని ముందుకు పోదామని నేనన్నాను. ఆ మాటకు ఆమె రెండు చేతులూ జోడించి ఏడ్చింది. “వద్దు నాయనా. నన్ను మోసుకునిపోతే మల్లన్నకు నేనేమని చెప్పుకునేది? ఇక్కడే వదిలేయండి.” డెబ్బై యేండ్ల ముసలామె అట్ల ఏడుస్తుంటే చూడలేక నేను చెట్ల మధ్యకు పోయి నిలబడినాను.

శరభలింగం అయ్యవారి వైపు చూసినాడు. పెత్తనం ఇంకా వాడిదే. అయ్యవారు వాడి చేతిలోంచి దాన్ని తీసుకోలేదు. చివరికి వాడు ఆమె ముందర మోకాళ్ల మీద కూర్చున్నాడు.

“జేజీ, ముందుకు మోస్తే మొక్కు చెడుతుంది. వెనక్కి మోస్తే చెడదు కదా?”

ఆమె ఏడుపు ఆపి చూసింది. ఆలోచించింది. మొక్కుకున్నప్పుడు వెనక్కి పొయ్యే సంగతి ఆమె అనుకోలేదు, మల్లన్నకూ చెప్పలేదు. “చెడదు,” అన్నది.

ఆ పక్క తేనె కోసం తిరుగుతున్న ఈదన్న అనే చెంచు మనిషి దొరికినాడు. గట్టి వెదురు బొంగుకు దుప్పటి కట్టి డోలీ చేసినాడు. తన సంచిలో ఉడకబెట్టిన గడ్డలుంటే తీసి ముందు జేజికి పెట్టినాడు. మేము అయ్యవారి వెంట కడుపులు కట్టుకుని శ్రీశైలం వైపు, ఈదన్నా శరభలింగమూ డోలీ భుజానికెత్తుకుని ఆత్మకూరు వైపు. పోయే ముందు వాడు అయ్యవారి కాళ్లకు మొక్కినాడు. అయ్యవారు వాడి తల మీద చెయ్యి పెట్టి, “నిదానం,” అన్నారు, అంతే.

తరవాత ఆత్మకూరులో ఏం జరిగిందో జేజి చెప్పగా విన్నాను. పన్నెండు రోజులున్నారంట. వైద్యుడు పుండ్లు కడిగి చిన్న చిన్న గుడ్డపీలికలు ఇచ్చినాడు. కట్టు నిలవకపోతే శరభలింగం తన నడుమున ఉన్న ముడుల దారం విప్పి ఆమె పాదానికి చుట్టి కట్టినాడు. వంట వాడే చేసినాడు. మొదటి రోజు అన్నం మాడ్చినాడు, రెండో రోజు పలుకు మిగిలింది. జేజి మంచం మీంచి చెప్తే నేర్చుకున్నాడు. “ఉప్పు నిండుకుంది నాయనా,” అని ఆమె అంటే చేతిలో గరిట అట్లనే పట్టుకుని అంగడికి పరుగెత్తేవాడంట. అంగట్లో వాళ్లు నవ్వేవాళ్లంట. మధ్యాహ్నం పూట ఆమె మంచం పక్కన నేల మీద పడుకుని నిద్రపోయేవాడు. “పాపం, ఎన్నేండ్ల నిద్రో,” అన్నది జేజి.

పదమూడో రోజు కోడికూతకు ఇద్దరూ మళ్లీ నడక మొదలుపెట్టినారు. బియ్యం మూట వాడి భుజాన.

శ్రీశైలంలో మా వాళ్లంతా దర్శనం చేసుకుని బస్సులెక్కి వెళ్లిపోయినారు. అయ్యవారు కదల్లేదు. నాకు సెలవు అయిపోయినా ఆయన్ని వదిలి పోవడానికి మనసొప్పలేదు. రోజూ సత్రం అరుగు మీద ఆయన పడుకునేవారు, నేను దారి చూసేవాణ్ణి.

ఒక పొద్దున మెట్ల దారి వైపునుంచి వాళ్లిద్దరూ వచ్చినారు. జేజి కర్ర ఊతంతో, తన కాళ్ల మీద తాను. నాలుగడుగులు వెనక శరభలింగం, ఆమె నడిచినంతే నడుస్తూ. ఆమె తిన్నగా గుళ్లోకి పోయింది. నేనూ వెంట పోయినాను. లోపల మల్లన్న తల మీద అరచెయ్యి పెట్టి, “నలభై యేండ్లు పట్టింది తండ్రీ, ఏమీ అనుకోవద్దు,” అన్నది. నేను కండ్లు తుడుచుకున్నాను.

తిరిగి వచ్చేసరికి శరభలింగం అరుగు కింద కూర్చుని ఉన్నాడు. అయ్యవారు నిద్రలో ఉన్నారు. లేపుదామని నేను పోబోతే వాడు నా చెయ్యి పట్టి ఆపినాడు. ఎండ అయ్యవారి పాదాల మీదికి వస్తుంటే తన కండువా తీసి అడ్డం పట్టినాడు. అట్ల ఎంతసేపు కూర్చున్నాడో.

అయ్యవారు కండ్లు తెరిచి, వాణ్ణి చూసి, లేచి కూర్చున్నారు.

“దారం ఏది శరభా?”

“జేజి కాలికి కట్టినానయ్యా. రసి అంటి పాడయింది, పారేసినాను.”

“ఎన్ని రోజుల యాత్ర అయింది మరి?”

వాడు తలెత్తినాడు. కండ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవడం కూడా లేదు. “నాకు తెలియదయ్యా. ఆ పొద్దు మిమ్మల్ని అడిగినప్పుడు అన్నీ తెలుసనుకున్నాను. ఇప్పుడు నా దగ్గర ఏమీ లేదు.”

అయ్యవారు ముందుకు వంగి, తల్లి పిల్లవాని నోరు మూసినట్టు, వాడి నోటి మీద చెయ్యి పెట్టినారు.

“లేదు అనకూడదు నాయనా. నిండుకుంది అనాలి.”