కందకం కాచిన నీరటి ఊశన్న

ఎన్నాళ్ల కిందట అని మాత్రం అడక్కండి. లెక్క తెలిసినవాళ్లు ఎవరూ మిగల్లేదు. అప్పుడు నల్లగట్టు అని ఒక కోట ఉండేది. ఆ కోటకు ఒక రాజు, ఆ రాజుకు ఒక భయం, ఆ భయం చుట్టూ ఒక కందకం. కందకానికి ఒక నీరటి ఉండేవాడు. కథ రాజుది కాదు, నీరటిది. అతని పేరు ఊశన్న.

నీరటి అంటే నీళ్లు చూసేవాడు. ఊళ్లో నీరటి అయితే చెరువు తూము తెరిచి, మూసి, ఎవరి మడికి ఎంత నీరో అంత వదులుతాడు. ఊశన్న పని కందకం నిండుగా ఉంచడం. ఇసక నేల కదా, పోసిన నీళ్లు పోసినట్టే ఇంకిపోయేవి. రాతిగోడ మీద ఒక గీత ఉండేది. నీళ్లు ఆ గీతకు వేలెడు దిగితే ఊశన్న బురుజెక్కి డప్పు కొట్టేవాడు. అది విని దూరాన గుట్ట మీద ఇంకో డప్పు మోగేది. అది విని ఇంకో గుట్ట మీద ఇంకోటి. రెండు రోజులకు కాలువ వెంట నీళ్లు వచ్చేవి. ఎక్కడినుంచి వచ్చేవో ఊశన్న అడగలేదు. అడగాలని ఎవరికీ తోచలేదు. ఒక్కనాడూ డప్పు తప్పలేదని మాత్రం తెగ మురిసిపోయేవాడు.

ఇంతకీ ఆ కందకం ఎందుకు తవ్వారు? ఒక ఏడు వానలు సరిగా పడలేదు. పందిరిపాడు అనే ఊరి నుంచి మూడు కుటుంబాలు మూటలు నెత్తిన పెట్టుకొని కోట దగ్గరికి వచ్చాయి. ఏ పనైనా చేస్తాం, ఇంత గంజి పోయండి అన్నాయి. రాజు గుండెల్లో రాయి పడింది. ఇవాళ మూడు కుటుంబాలొస్తే రేపు ముప్పై వస్తాయన్నాడు. కందకం తవ్వించి నీళ్లు నింపించాడు.

రెండో ఏడు వానలు బాగా పడ్డాయి. అయినా ముప్పై కుటుంబాలొచ్చాయి. నేను చెప్పలేదా అన్నాడు రాజు. కందకం రెండింతలు చేయించాడు. ఊశన్న డప్పూ రెండింతలు మోగింది.

మూడో ఏడూ వానలు బాగా పడ్డాయి. మూడు వందల కుటుంబాలొచ్చాయి. వానలు పడ్డ ఏడు జనం ఊళ్లెందుకు వదిలిపెడతారు? కోటలో అంతమంది తెలివిగలవాళ్లున్నారు, ఒక్కడంటే ఒక్కడు ఆ మాట అడగలేదు. రాజు కందకం మూడింతలు చేయించి, అందులో మొసళ్లను వదిలించాడు. వచ్చినవాళ్లంతా అవతలి గట్టు మీదే పడి ఉన్నారు.

ఒకనాడు పొద్దున్నే అవతలి గట్టు నుంచి ఒక ఆడమనిషి బిందె పట్టుకొని నీళ్లలోకి దిగింది. బురుజు మీంచి ఊశన్న చూస్తూనే ఉన్నాడు. వద్దని అరిచేలోపే అయిపోయింది. బిందె ఒక్కటే పైకి తేలింది. ఆ పూట ఊశన్న అన్నం ముట్టలేదు. కానీ సాయంత్రానికి నీళ్లు గీతకు వేలెడు దిగాయి. డప్పు కొట్టాడు.

మర్నాడు కాలువ మూతి దగ్గర పేరుకున్న చెత్త తీయడానికి తెప్ప మీద అవతలి గట్టుకు వెళ్లాడు. అక్కడ ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. పక్కన పార ఉంది. ఒళ్లో తూము బిరడా ఉంది. దాన్ని చూసి ఊశన్న నిలుచున్నచోటే నిలబడిపోయాడు.

నీరటివాళ్లకు ఒక కట్టుబాటుంది. చెరువులో జానెడు నీళ్లున్నన్నాళ్లూ నీరటి ఊరు విడవకూడదు. ఊరంతా పోయినా విడవకూడదు. ఆఖరి చుక్క ఇంకాక బిరడా పీకి, చంకన పెట్టుకొని అందరికన్నా వెనక కదలాలి. బిరడాతో నీరటి దారిన కనబడ్డాడంటే ఆ ఊరు ఇక లేనట్టే.

"ఏ ఊరన్నా మీది?" అన్నాడు ఊశన్న.

"పందిరిపాడు. నా పేరు ముత్తిలింగం. నిన్న మొసలి పట్టింది నా కోడల్నే."

ఊశన్న తనకు తెలిసిన మాట ఒకటే అడిగాడు. "వానలు మంచిగనే పడ్డయి గదన్నా. చెర్వు ఎట్లెండింది?"

"ఎండలే తమ్మీ. నీళ్లే రాలే. మూడేండ్ల సంది సీలవాగు తగ్గుకుంట ఒచ్చింది, ఇప్పుడు మా దిక్కే ఒస్తలేదు. యాడికి పోయిందో తెల్వది."

పోయి చూడలేదా అని అడిగితే, ఆకలికి మూటలు కట్టుకునేవాడికి వాగు వెంట తిరిగే తీరిక ఎక్కడిదన్నాడు ముత్తిలింగం. అదీ నిజమే. ఊశన్న ఇంటికెళ్లి పెళ్లాం లచ్చవ్వకు డప్పు అప్పజెప్పాడు. నీళ్లు గీత దిగితే కొట్టమన్నాడు. వెనక్కొచ్చి, పదన్నా, వాగు ఎటు పోయిందో చూసొద్దాం అన్నాడు.

ఒక రోజు నడిచి పందిరిపాడు చేరారు. చెరువులో నెర్రెలు కాలు దిగేంత ఉన్నాయి. రెండో రోజు వాగు వెంట పైకి నడిచారు. వాగులో ముళ్లచెట్లు మొలిచాయి. మూడో రోజు రెండు గుట్టల సందులో ఒక చెక్కల కట్ట కనిపించింది. కట్టకు ఇవతల ఎండిన రాళ్లు. అవతల నీళ్లు, కనుచూపు మేర నీళ్లు. ముత్తిలింగం ఆ నీళ్లను చూసి పసిపిల్లాడిలా ఏడ్చాడు.

కట్ట మీద ఒక కావలివాడున్నాడు. మంచివాడే. ఇద్దరికీ తాగడానికి నీళ్లిచ్చాడు. ఈ కట్టెందుకని అడిగితే ఓపిగ్గా చెప్పాడు. డప్పు వినబడినప్పుడల్లా ఒక చెక్క దించాలట, వాగు నీళ్లు కాలువలోకి మళ్లాలట. మొదట్లో సగం నీళ్లు వాగుకు పోయేవట. ఇప్పుడు చుక్క కూడా పోదట. ఆ మాట అంటుండగానే గుట్ట మీద డప్పు మోగింది. కావలివాడు లేచి ఇంకో చెక్క దించాడు.

"కోటల ఎవడో మంచి పనోడున్నడు," అన్నాడు మెచ్చుకుంటూ. "మూడేండ్లల్ల ఒక్కనాడు తప్పలే."

ఊశన్న కూలబడ్డాడు. మూడేళ్ల డప్పు. దెబ్బకో చెక్క. చెక్కకో ఊరు. ఆ కోడలు దిగింది తన ఊరి నీళ్లలోకే.

"ఆ డప్పు నాదే అన్నా," అన్నాడు.

ముత్తిలింగం పార నేలకు ఆనించాడు. తిట్టలేదు, కొట్టలేదు. "పోయి మీ దొరకు చెప్పు," అన్నాడు.

ఊశన్న పరుగు పరుగున వెనక్కొచ్చాడు. కోటవాకిలి భటుడికి చెప్పాడు. భటుడు నవ్వాడు. సేనాపతికి చెప్పాడు. నీ పని నీళ్లు చూడ్డం, ఊళ్లు చూడ్డం కాదన్నాడు సేనాపతి. చివరికి రాజు ముందు నిలబడి చెప్పాడు. రాజు అంతా విన్నాడు.

"కట్ట తీస్తే కందకం ఎండుతది. వాళ్లంత లోపలికొస్తరు," అన్నాడు.

"కట్ట తీస్తే వాళ్లకు వచ్చే పనే లేదు దొరా."

ఈ మాట రాజుకు ఎక్కలేదు. కందకం నాలుగింతలు చేయమని అప్పటికప్పుడే ఆజ్ఞ వేశాడు. వెళ్లి డప్పు కొట్టమన్నాడు. ఊశన్న డప్పు తెచ్చి రాజు కాళ్ల దగ్గర పెట్టి, దండం పెట్టి వెళ్లిపోయాడు.

మళ్లీ కట్ట చేరేసరికి మిట్టమధ్యాహ్నం. వద్దని కావలివాడు చేతులు అడ్డం పెట్టాడు. అక్కడే కాచుకొని ఉన్న ముత్తిలింగం తన కోడలి సంగతి అతనికి చెప్పాడు. కావలివాడు చేతులు దించాడు. ఊశన్న ఒక్కొక్క చెక్కే పీకాడు. పైవన్నీ వచ్చాయి. అడుగు చెక్క రాలేదు. నీళ్లలోకి దిగి రెండు చేతులా పట్టుకొని గుంజాడు. వచ్చింది. దాంతోపాటు కట్టంతా వచ్చింది. ముత్తిలింగం గట్టు మీంచి పార కర్ర చాచాడు, అందలేదు.

పందిరిపాడు చెరువులోకి మొదటి నీళ్లు వచ్చాయి. ఆ నీళ్లతోపాటు ఊపిరి లేని ఊశన్న వచ్చాడు.

ఇక్కడ కోటలో మొదటి రోజు కందకం మోకాటి లోతుకు దిగింది. రెండో రోజు బురద అయింది. మొసళ్లు పాకుతూ ఏటి దారి పట్టాయి. మూడో రోజు నేల కనిపించింది. గోడ మీద భటులు ఈటెలు పట్టుకొని బారులు తీరారు. రాజే స్వయంగా బురుజెక్కాడు. ఇక వస్తారు, ఇప్పుడొస్తారు అని ఊపిరి బిగబట్టి చూశారు.

ఎవరూ రాలేదు.

వాగులో నీళ్లొచ్చాయన్న కబురు అవతలి గట్టుకు అప్పటికే చేరింది. మూడు వందల కుటుంబాలూ మూటలు నెత్తికెత్తుకొని వెనక్కి నడుస్తున్నాయి. అడ్డంగా కందకం లేదు, చుక్క నీరు లేదు, మొసలి లేదు. అయినా ఒక్కరూ కోటవైపు తిరిగి చూడలేదు. ఈటెలు పట్టుకున్న చేతులు ఏం చేయాలో తెలియక దిగిపోయాయి. అప్పుడు కోటలోని వాళ్లందరికీ తెలిసొచ్చింది. ఎవరికి భయపడి మూడేళ్లు తవ్వామా, వాళ్లను తెచ్చింది ఆ తవ్వుడే కదా అని.

రాజు తప్పయిందన్నాడో లేదో తెలియదు. కట్ట మాత్రం మళ్లీ కట్టలేదు.

ఆ సీమలో ఇప్పటికీ ఒక రివాజుంది. తెలియని మనిషి మూటతో గడపలో నిలబడితే ఎవరివాడవు, ఎందుకొచ్చావు అని అడగరు. ముందు ఇంత అన్నం పెడతారు. తర్వాత, మీ ఊరికి ఏమైంది అని అడుగుతారు. తెలియదు అన్నాడా, తెల్లారి ఆ ఇంట్లోంచి ఒకరు అతనితో బయల్దేరతారు, ఏమైందో కళ్లారా చూడ్డానికి. మగవాళ్లు వెళ్తారు, ఆడవాళ్లు వెళ్తారు, ముసలివాళ్లూ వెళ్తారు. తిరిగొచ్చేదాకా అలా వెళ్లిన మనిషిని సొంత పేరుతో పిలవరు. ఎవరైనా వచ్చి ఏడీ అని అడిగితే ఇంటివాళ్లు ఒకటే మాట చెబుతారు.

"ఇంట్ల లేడు. ఊశన్న అయి పోయిండు."